చదువుకూ చావుకూ మధ్య

అందరికీ నమస్కారం.

వయోజన విద్యా కేంద్రాల్లో అక్షరాలు దిద్దించేవాళ్ళూ, ఆసుపత్రుల్లో మందులిచ్చేవాళ్ళూ ఒకే సభలో కూర్చోవడం అరుదు. ఈ రెండు పనులూ వేరువేరని అందరూ అనుకుంటారు. అవి ఎంత దగ్గరివో చెప్పడానికే నేను వచ్చాను. అందుకే ఉపోద్ఘాతం లేకుండా నేరుగా ఒక లెక్కతో మొదలుపెడతాను.

2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. నార్వే, అమెరికా విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి చేసిన పని అది. 59 దేశాలకు సంబంధించి అంతకుముందు అచ్చయిన ఆరు వందలకు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మనిషి బడిలో గడిపిన ఒక్కొక్క సంవత్సరానికీ, పెద్దయ్యాక చనిపోయే ముప్పు సగటున 1.9 శాతం తగ్గుతోందని తేలింది. అసలు బడి మొహం చూడని వాళ్ళతో పోలిస్తే ఆరేళ్ళు చదివినవాళ్ళకు ముప్పు 13 శాతం తక్కువ. పద్దెనిమిదేళ్ళు చదివినవాళ్ళకు 34 శాతం తక్కువ. బొత్తిగా చదువు లేకపోవడమనే ముప్పు ఎంతటిదో చెప్పడానికి, అది పదేళ్ళపాటు రోజుకు పది సిగరెట్లు కాల్చడంతో సమానమన్నారు.

ఈ మాట విన్నప్పుడు నాకు మొదట తట్టేది ఒకటే. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక ముద్రిస్తాం, పన్ను వేస్తాం, బహిరంగ స్థలాల్లో కాల్చనివ్వం. అంతే ముప్పు తెచ్చే చదువులేమిని మాత్రం ఆరోగ్య సమస్యల జాబితాలో ఎక్కడా రాయం.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ 1.9 శాతం అన్ని వయసుల సగటు. 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళను విడిగా చూస్తే ఏడాది చదువుకు తగ్గే ముప్పు 2.9 శాతం. డెబ్బై దాటినవాళ్ళలో అది 0.8 శాతానికి పడిపోతుంది. చావు సహజంగా దగ్గరపడే వయసులో చదువు చేయగలిగింది తక్కువ. పిల్లల్ని పెంచుతూ, కష్టపడి సంపాదిస్తూ, ఇంకా బతకాల్సిన వయసులో మాత్రం అది గట్టిగా అడ్డు నిలుస్తుంది. అంటే చదువు తగ్గించేది ప్రధానంగా అకాల మరణాన్ని.

ఇలాంటి లెక్క కట్టడం అంత తేలిక కాదు. చాలాచోట్ల మరణ ధ్రువపత్రంలో వయసుంటుంది, కారణముంటుంది, చదువు ఉండదు. అమెరికాలో ఎవెలిన్ కిటగావా, ఫిలిప్ హౌజర్ అనే ఇద్దరు 1960 జనాభా లెక్కల్ని తీసుకుని, ఆ ఏడాది మే నుంచి ఆగస్టు వరకూ చనిపోయిన సుమారు 3 లక్షల 40 వేల మంది మరణ పత్రాలను ఒక్కొక్కటిగా వాటితో సరిపోల్చారు. కంప్యూటర్లు ఇంకా బాల్యదశలో ఉన్న రోజులవి. చదువు తగ్గేకొద్దీ మరణాల రేటు మెట్లుమెట్లుగా పెరుగుతోందని 1973లో వాళ్ళు అచ్చువేసిన ఫలితాలు చూపించాయి. ఆ తరువాత ఎక్కడ వెతికినా ఆ మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

మెట్లున్నాయని తెలిసింది. అవి ఎందుకున్నాయి? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే, ఎక్కువ సేపు దీని దగ్గరే నిలబడతాను.

జాన్ కాల్డ్‌వెల్ అని ఒక ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త. నైజీరియాలో చాలాకాలం పనిచేశారు. అక్కడ ఎకిటి ప్రాంతంలోని రెండు ఊళ్ళ గురించి ఆయన, ఆయన సహచరుడు ఒరుబులోయె కలిసి అధ్యయనం చేశారు. రెండూ దాదాపు ఒకేలాంటి ఊళ్ళు. ఒకదాన్లో ఆసుపత్రి ఉంది, రెండోదాన్లో లేదు. ఆసుపత్రి లేని ఊళ్ళో చదువుకోని తల్లుల పిల్లలు ఎన్నేళ్ళు బతుకుతారన్నది మొదటి కొలత. అక్కడి నుంచి పోలుస్తూ వెళ్ళారు.

ఆసుపత్రి అందుబాటులో ఉండి, తల్లికి చదువు లేకపోతే పిల్లల ఆయుర్దాయం 20 శాతం పెరిగింది. ఆసుపత్రి లేకపోయినా తల్లికి చదువుంటే 33 శాతం పెరిగింది. ఈ రెండూ కలిసినచోట ఎంత పెరగాలి? కూడితే 53 శాతం. పెరిగింది 87 శాతం.

ఈ మూడు అంకెల్నీ ఇంటికెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళమని అడుగుతున్నాను. ఆసుపత్రి కట్టడానికి ఎంత ఖర్చవుతుందో, డాక్టర్ని ఆ ఊరికి పంపడం ఎంత కష్టమో ఇక్కడున్నవాళ్ళకు తెలుసు. అంత ఖర్చుపెట్టి కట్టిన ఆసుపత్రి చదువుకోని తల్లికి ఇచ్చిన ఫలం, ఆసుపత్రే లేనిచోట చదువుకున్న తల్లి సాధించుకున్నదాని కంటే తక్కువ. అలాగని ఆసుపత్రి అక్కర్లేదని ఎవరూ అనలేరు. తల్లి చదువు తోడైనప్పుడే అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అవే మందులు పూర్తిగా పనిచేశాయి. అటు చదువు కూడా ఆసుపత్రి దొరికినప్పుడే తన పూర్తి బలం చూపించింది.

మరి ఆ చదువుకున్న తల్లులు చేసిందేమిటి? సూక్ష్మక్రిముల శాస్త్రం నేర్చుకున్నారా? లేదు. వాళ్ళలో చాలామంది చదివింది ప్రాథమిక తరగతులే. కాల్డ్‌వెల్ ఇచ్చిన వివరణలో తేడా పరిజ్ఞానంలో కంటే నడవడికలో ఎక్కువ కనిపిస్తుంది. బిడ్డకు జబ్బు చేస్తే రాసిపెట్టి ఉందని వదిలెయ్యడం తగ్గింది. ఇంట్లో అత్తగారో, పెద్దవాళ్ళో నిర్ణయించేదాకా ఆగకుండా తానే బిడ్డను ఎత్తుకుని బయల్దేరే ధైర్యం వచ్చింది. ఇంట్లో తిండి పంపకంలో పిల్లల వాటా పెరిగింది. ఆసుపత్రికి వెళ్ళాక అక్కడివాళ్ళు ఆమె మాట విన్నారు, ఆమె కూడా వాళ్ళను అడగగలిగింది.

ఆయనా, ఆయన బృందమూ తరువాత దక్షిణ భారత గ్రామాల్లో పనిచేసినప్పుడు ఇంకో సూక్ష్మమైన సంగతి గమనించారు. డాక్టరిచ్చిన మందు పనిచెయ్యకపోతే చదువుకున్న తల్లి తిరిగి వచ్చి, తగ్గలేదండీ అని చెబుతుంది. చదువుకోని తల్లి చాలాసార్లు తిరిగి రాదు. అంత పెద్దాయన ఇచ్చిన మందు పనిచెయ్యలేదని ఎలా అనడం, అది ఆయన్ని తప్పుపట్టినట్టవుతుందేమోనన్న మొహమాటం, భయం. ఆ మొహమాటానికి బిడ్డ ప్రాణం బలవుతుంది. ఎంత చిన్న విషయమో చూడండి. రెండో రోజు తిరిగి వెళ్ళడం, అంతే. ఏ గణాంకంలోనూ దానికి కాలమ్ ఉండదు.

ఇక్కడున్న నర్సులకూ, ఆరోగ్య కార్యకర్తలకూ ఒక మాట. తిరిగి రాని తల్లి నిర్లక్ష్యం చేసిందని మనం రాసేస్తాం. ఆమె రాకుండా చేసిన దాంట్లో మన గొంతు, మన చూపు, మన తొందర ఎంత ఉన్నాయో కూడా చూసుకోవాలి. చదువుకున్న మనిషికి ఇచ్చే జవాబును చదువుకోని మనిషికి ఇవ్వకపోతే, ఆ మిగిలిన ముప్పు ఆమె నిరక్షరాస్యత వల్ల వచ్చిందనడం న్యాయం కాదు. అది మనం కలిపిన ముప్పు.

పిల్లల మరణాల విషయంలో ఆ తరువాత వచ్చిన ఆధారాలన్నీ ఇదే దారిలో ఉన్నాయి కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1970కీ 2009కీ మధ్య ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు ఏడాదికి 82 లక్షల మేర తగ్గాయని, అందులో సగానికి పైగా, అంటే 42 లక్షలు, స్త్రీల చదువు పెరగడం వల్ల తగ్గినవేనని 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. 2021లో అదే పత్రికలో వచ్చిన మరో పరిశోధన తండ్రుల్ని కూడా లెక్కలోకి తీసుకుంది. పన్నెండేళ్ళు చదివిన తల్లి బిడ్డకు ఐదేళ్ళలోపు చనిపోయే ముప్పు చదువులేని తల్లి బిడ్డతో పోలిస్తే 31 శాతం తక్కువ. తండ్రి చదువుకు అది 17 శాతం. తండ్రి చదువు కూడా బిడ్డను కాపాడుతుంది. ఈ మాట మనం తగినంత గట్టిగా చెప్పడం లేదు. భారమంతా తల్లి మీద వేసి తండ్రిని వదిలేసే అలవాటు పరిశోధనల్లోనూ ఉంది, ప్రచార పోస్టర్లలోనూ ఉంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి, 1900 నాటి అమెరికాకు వెళ్దాం. శామ్యూల్ ప్రెస్టన్, మైకేల్ హైన్స్ అనే పరిశోధకులు ఆ ఏటి జనాభా లెక్కల నుంచి పిల్లల మరణాలను వెలికితీశారు. వాళ్ళకు ఆశ్చర్యం కలిగించిన విషయం, డాక్టర్ల ఇళ్ళలో పుట్టిన పిల్లలు కూడా మిగతావాళ్ళ పిల్లలతో దాదాపు సమానంగానే చనిపోయారు. తేడా చాలా స్వల్పం. తల్లికి చదవడం వచ్చా రాదా అన్నదానికి కూడా ఈనాడున్నంత ప్రభావం ఆనాడు లేదు.

ఎందుకంటే, చదువుకున్నవాళ్ళకు తెలుసుకోవడానికి అప్పటికి తెలిసినదే తక్కువ. క్రిముల వల్ల రోగాలొస్తాయన్న సిద్ధాంతం శాస్త్రవేత్తలకు తెలుసు. పాలు కాచడం, చేతులు కడగడం, రోగిని వేరుగా ఉంచడం వంటివి ఇంకా ఇళ్ళలోకి రాలేదు, డాక్టర్ల ఇళ్ళలోకి కూడా. పాతికేళ్ళు గడిచేసరికి పరిస్థితి మారింది. తెలిసిన విషయం చేతల్లోకి వచ్చింది. దాన్ని ముందుగా అందుకున్న కుటుంబాల పిల్లలు మిగతావాళ్ళ కంటే బాగా బతకసాగారు. అంతరం అప్పుడు విచ్చుకుంది.

పొగాకు కథ కూడా ఇంతే. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లో పొగతాగడానికీ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ ఉన్న సంబంధం చూపించారు. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి, సర్జన్ జనరల్, నివేదిక కూడా అదే చెప్పింది. అంతకుముందు బాగా చదువుకున్నవాళ్ళు కూడా మిగతావాళ్ళలాగే కాల్చేవాళ్ళు, డాక్టర్లతో సహా. సమాచారం బయటికొచ్చాక ముందు మానేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఆ తరువాత పొగాకు చావులు తక్కువ చదివినవాళ్ళ మీద పడ్డాయి. ఆఫ్రికాలో హెచ్ఐవీ వ్యాపించిన తొలి ఏళ్ళలో చాలాచోట్ల చదువుకున్నవాళ్ళలోనే అది ఎక్కువగా కనిపించింది. ప్రయాణాలు, సంపాదన, పట్నపు జీవితం వాళ్ళకే ఎక్కువ కాబట్టి. అది ఎలా వస్తుందో, ఎలా ఆపుకోవచ్చో తెలిశాక ఆ భారం చదువు తక్కువవాళ్ళ వైపు జరిగింది.

బ్రూస్ లింక్, జో ఫెలన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1995లో దీన్ని మూల కారణాల సిద్ధాంతంగా వివరించారు. రోగాలు మారతాయి, మందులు మారతాయి. డబ్బు, చదువు, పరిచయాలు, పలుకుబడి ఉన్నవాళ్ళు ప్రతిసారీ కొత్త రక్షణను ముందుగా అందుకుంటారు. కాబట్టి ఒక రోగాన్ని జయించినంత మాత్రాన అంతరం పోదు, తరువాతి రోగంలో మళ్ళీ తేలుతుంది. నాకు ఇందులో భయపెట్టే సంగతి ఒకటి కనిపిస్తుంది. మంచి వైద్య ఆవిష్కరణ జరిగిన ప్రతిసారీ, దాన్ని చదువుకోనివాళ్ళ దగ్గరికి చేర్చే ఏర్పాటు ముందే చెయ్యకపోతే, ఆ ఆవిష్కరణే మనుషుల మధ్య కొత్త ఎడం పెంచుతుంది.

ఇక్కడ ఎవరైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇదంతా నిజంగా చదువు మహిమేనా? డబ్బున్న ఇంట్లో పుట్టినవాళ్ళే ఎక్కువ చదువుతారు, వాళ్ళే ఎక్కువ కాలం బతుకుతారు. చిన్నప్పుడు రోగిష్ఠిగా ఉన్న పిల్లలు బడి మానేస్తారు, వాళ్ళే ముందుగా చనిపోతారు. మరి చదువు కారణమా, లేక ఈ గుంపులో ఊరికే కనిపించే సాక్షి మాత్రమేనా?

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కోసం పరిశోధకులు ఒక మంచి ఉపాయం పట్టారు. ప్రభుత్వం చట్టం చేసి నిర్బంధ విద్యను ఒక ఏడాది పెంచినప్పుడు, పేదా ధనికా తేడా లేకుండా ఒక తరం పిల్లలంతా అదనంగా చదువుతారు. వాళ్ళనూ, వాళ్ళకంటే కొద్ది నెలల ముందు పుట్టి ఆ చట్టం తగలనివాళ్ళనూ పోల్చి చూడవచ్చు. బ్రిటన్‌లో 1947లో బడి విడిచే వయసును 14 నుంచి 15కి, 1972లో 16కి పెంచారు. పిల్లలు నిజంగానే ఎక్కువ చదివారు. 2013లో అచ్చయిన విశ్లేషణ ప్రకారం వాళ్ళ మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్వీడన్‌లో 1949 నుంచి 1962 వరకూ నిర్బంధ విద్యను దశలవారీగా ఒక ఏడాది పెంచారు. 12 లక్షల మందిని గమనిస్తే, నలభై ఏళ్ళలోపు తేడా లేదు, నలభై దాటాక మాత్రం ఎక్కువ చదివినవాళ్ళలో మరణాలు తగ్గాయి. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం తొలినాటి చట్టాలను పరిశీలించిన అధ్యయనం 2005లో చాలా పెద్ద ప్రభావం చూపించింది. దాన్ని తరువాతివాళ్ళు ప్రశ్నించారు.

ఈ ఫలితాల్ని దాచిపెట్టి మీకు చదువు గొప్పతనం చెప్పడం నాకిష్టం లేదు. వాటి నుంచి నేను అర్థం చేసుకున్నది ఇది. బ్రిటన్‌లో ఆ అదనపు ఏడాది చదివిన పిల్లలకు అప్పటికే చదవడం, రాయడం, లెక్కలు వచ్చు. జాతీయ ఆరోగ్య సేవ ద్వారా 1948 నుంచి వైద్యం ఉచితంగా అందుతోంది. అలాంటిచోట ఇంకో ఏడాది తరగతి గదిలో కూర్చోబెడితే ఆయుష్షు దానంతటది పెరగదు. అక్షరమే తెలియని తల్లి అక్షరం నేర్చుకోవడం, పద్నాలుగేళ్ళ కుర్రాడు పదిహేనేళ్ళ దాకా బడిలో ఉండడం, రెండూ లెక్కల పుస్తకంలో కొద్ది సంవత్సరాల చదువుగానే కనిపిస్తాయి. జీవితంలో అవి ఒకటి కావు. చదువు ఏ తలుపు తెరుస్తుంది, ఆ తలుపు అప్పటికే తెరిచి ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఇదే అమెరికాలో తలకిందులుగా కనిపిస్తోంది. ఆన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తల లెక్కల ప్రకారం 1992లో నాలుగేళ్ళ కాలేజీ డిగ్రీ ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య, పాతికేళ్ళ వయసు దగ్గర నుంచి చూసినప్పుడు, ఆయుర్దాయంలో తేడా సుమారు రెండున్నరేళ్ళు. 2021 నాటికి అది ఎనిమిదిన్నరేళ్ళయింది. కోవిడ్ అందులో కొంత పెంచింది. కానీ అంతకుముందే అది పెరుగుతూ వచ్చింది, ఆత్మహత్యలు, మాదకద్రవ్యాలు, తాగుడు వల్ల వచ్చే కాలేయ జబ్బులతో. డిగ్రీ లేనివాళ్ళు ముప్పయ్యేళ్ళలో అజ్ఞానులైపోలేదు కదా. మంచి ఉద్యోగం, దానితో వచ్చే ఆరోగ్య బీమా, సమాజంలో మర్యాద అన్నీ ఆ ఒక్క కాగితానికి ముడిపెట్టారు. డిగ్రీ లేని మనిషి చస్తున్నది తెలివి తక్కువై కాదు, బతుకు ఇరుకై. డిగ్రీ లేనివాళ్ళందరికీ డిగ్రీలిస్తే సరిపోతుందనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. డిగ్రీ లేకపోయినా మనిషి బతకగలిగే ఏర్పాటు ఉండాలి.

ఇప్పటిదాకా బడిలో గడిపిన ఏళ్ళ గురించి మాట్లాడాను. అక్షరాస్యత, ముఖ్యంగా ఆరోగ్య సమాచారాన్ని చదివి అర్థం చేసుకునే శక్తి, దానికి దగ్గరిదే కానీ అదే కాదు. ఎనిమిదో తరగతి దాకా వెళ్ళి, ముప్పయ్యేళ్ళుగా ఏమీ చదవక, మందు చీటీ ముందు తడబడేవాళ్ళున్నారు. బడికి వెళ్ళకుండానే చదవడం నేర్చుకున్నవాళ్ళున్నారు.

అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 3,260 మందికి ఆరోగ్య విషయాలు చదివి అర్థం చేసుకునే పరీక్ష పెట్టి, సుమారు ఆరేళ్ళపాటు గమనించారు. ఫలితాలు 2007లో వచ్చాయి. బాగా చదవగలిగినవాళ్ళలో ఆ కాలంలో చనిపోయినవాళ్ళు 18.9 శాతం. అంతంతమాత్రంగా చదవగలిగినవాళ్ళలో 28.7. సరిగా చదవలేనివాళ్ళలో 39.4 శాతం. వయసు, ఆదాయం, మొదట్లో ఉన్న జబ్బులు అన్నీ సర్దుబాటు చేసి చూసినా, చదవలేనివాళ్ళకు ముప్పు సగం మేర ఎక్కువగానే మిగిలింది. బడిలో ఎన్నేళ్ళు కూర్చున్నారన్నదాని కంటే ఇప్పుడు ఎంత బాగా చదవగలరన్నదే ముప్పును బాగా చెప్పగలిగింది.

ఇంగ్లండ్‌లో 52 ఏళ్ళు దాటిన దాదాపు 7,860 మందికి ఇంకా తేలికైన పరీక్ష పెట్టారు. ఒక మాత్రల పెట్టె మీద ఉండేలాంటి సూచనలు ఇచ్చి, నాలుగు ప్రశ్నలడిగారు. ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు వాడవచ్చు, ఎప్పుడు డాక్టర్ని అడగాలి, ఇలాంటివి. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు రెండు గానీ అంతకుమించి గానీ తప్పు చెప్పారు. తరువాత ఐదేళ్ళకు పైగా గమనిస్తే, అన్నీ సరిగా చెప్పినవాళ్ళలో 6.1 శాతం మంది చనిపోయారు, ఒకటి తప్పు చెప్పినవాళ్ళలో 9 శాతం, అంతకన్నా ఎక్కువ తప్పినవాళ్ళలో 16 శాతం.

అక్షరాలు కూడబలుక్కుని చదవడం వస్తే చాలా? చాలదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో 395 మంది రోగులకు మందు సీసాల మీది చీటీలు చూపించారు. అందులో ఒక చీటీ మీద ‘రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు నోటితో వేసుకోవాలి’ అనే అర్థమొచ్చే సూచన ఉంది. అక్షరాస్యత తక్కువ ఉన్నవాళ్ళలో పదిమందిలో ఏడుగురు దాన్ని సరిగా చదివి చెప్పారు. సరే, రోజుకు ఎన్ని మాత్రలవుతాయో లెక్కపెట్టి చూపించండి అంటే, సరిగా చూపించినవాళ్ళు మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ. చాలామంది నాలుగు అనలేకపోయారు. వాళ్ళు చదివారు, మనకు చదివి వినిపించారు కూడా. అర్థమైందా అని అడిగితే తలూపి ఉండేవాళ్ళు. ఆ తలూపును నమ్మి మనం తరువాతి రోగిని పిలుస్తాం.

రక్తపోటు మాత్రైనా, మధుమేహం మాత్రైనా, క్షయ మందైనా ఏళ్ళతరబడి, నెలలతరబడి ఇలాంటి చీటీ మీదే ఆధారపడి నడుస్తుంది. ఒక పూట తప్పు రెండో పూట సర్దుకోవచ్చు. రోజూ తప్పే డోసు ప్రాణం మీదికి తెస్తుంది.

అలాగని చదవడం రానివాళ్ళు చదవడం నేర్చుకునేదాకా ఆగాలా? ప్రపంచంలో చదవడం రాయడం రాని పెద్దవాళ్ళు ఈనాటికీ సుమారు 75 కోట్ల మంది ఉన్నారు. వాళ్ళలో మూడింట రెండొంతులకు దగ్గరగా స్త్రీలు. వాళ్ళను ఆగమనలేం. ఈ విషయంలో మనకు గొప్ప పాఠం బంగ్లాదేశ్ నుంచి వచ్చింది.

1971 యుద్ధ సమయంలో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి తాగించమని రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. అంతకుముందు ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. తరువాత 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే సంస్థ ఇలాంటి ద్రావణాన్నే ఇంట్లో కలుపుకోవడం నేర్పడానికి బంగ్లాదేశ్‌లో ఇంటింటికీ వెళ్ళింది. మూడువేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, కొలిచిన నీళ్ళు. కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళు. ఆ తల్లుల్లో అత్యధికులకు చదవడం రాదు. అందుకని కరపత్రాలు పంచలేదు. పది ముఖ్యాంశాలు నోటితో చెప్పి, తల్లి చేతితోనే కలిపించేవాళ్ళు.

వాళ్ళు చేసిన ఏర్పాటుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది జీతం లెక్క. కార్యకర్త ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందన్నదాన్ని బట్టి డబ్బివ్వలేదు. కొన్నాళ్ళ తరువాత వేరే మనిషి వెళ్ళి, తల్లికి ఎంత గుర్తుందో, సరిగా కలపగలుగుతోందో లేదో చూసి, దాన్ని బట్టి ఇచ్చారు. అర్థమయ్యేలా చెప్పే బాధ్యత చెప్పేవాళ్ళ మీద పడింది. నేర్చుకున్నా వాడేవాళ్ళు తక్కువగా ఉన్నారని మొదట్లో తేలితే, తల్లుల్ని తిట్టుకోలేదు. కారణం వెతికారు. కార్యకర్తల్లోనే కొందరికి ఆ ద్రావణం మీద నమ్మకం లేదని, ఇళ్ళలో మగవాళ్ళకు ఈ సంగతే చెప్పలేదని బయటపడింది. రెండూ సరిచేశారు, వాడకం పెరిగింది.

ఆసుపత్రుల్లో మనం రేపటి నుంచే చెయ్యగలిగిన పని ఇందులో ఉంది. అర్థమైందా అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్నకు ఔననే జవాబొస్తుంది. ‘ఇంటికెళ్ళాక ఈ మాత్రలు ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చూపించమ్మా’ అని అడుగుదాం. మాత్రలు చేతిలో పెట్టి పూటపూటకూ విడదీయమందాం. తప్పితే, మనం చెప్పడంలో లోపముందని మళ్ళీ చెబుదాం. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఒక్కొక్క మనిషికి ఇంకొంచెం సమయం కావాలి. ఆ సమయం ఎక్కడుందని మీరడుగుతారు. వరుసలో అరవైమంది నిలబడి ఉంటే కష్టమే, నాకు తెలుసు. అందుకే దీన్ని నర్సు మంచితనానికి వదిలెయ్యకుండా, సిబ్బంది సంఖ్యను నిర్ణయించేవాళ్ళు లెక్కలో వేసుకోవాలి.

వయోజన విద్యలో పనిచేసేవాళ్ళకు చెప్పవలసింది ఆఖరికి ఉంచాను. పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలు దేనికి, ఆ వయసులో ఏం ఉపయోగం అని మిమ్మల్ని అడిగేవాళ్ళుంటారు. 1980లో నికరాగువాలో ఐదు నెలలపాటు దేశమంతా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. హైస్కూలు పిల్లలు పల్లెలకు వెళ్ళి పెద్దవాళ్ళకు చదువు చెప్పారు. ఆ తరువాత పరిశోధకులు అక్కడి తల్లుల్ని మూడు జట్లుగా చూశారు. చిన్నప్పుడు బడికి వెళ్ళినవాళ్ళు, ఆ ఉద్యమంలో పెద్దవయసులో నేర్చుకున్నవాళ్ళు, ఇప్పటికీ చదవడం రానివాళ్ళు. పెద్దవయసులో నేర్చుకున్న తల్లుల పిల్లల ఆరోగ్యం, చదవడం రాని తల్లుల పిల్లల కంటే మెరుగ్గా ఉంది. ఇల్లు, ఆదాయం, పుట్టిన కుటుంబం వల్ల వచ్చే తేడా బడికెళ్ళినవాళ్ళ విషయంలో కలిసిపోతుందని అనుమానించవచ్చు. వీళ్ళు మాత్రం చిన్నప్పుడు బడికి వెళ్ళలేని ఇళ్ళ నుంచే వచ్చారు.

హార్వర్డ్‌లో రాబర్ట్ లెవైన్ బృందం నేపాల్, మెక్సికో, వెనిజులా, జాంబియా తల్లుల మీద చేసిన పని దీనికి కారణం కొంత చూపిస్తుంది. చదవడం వచ్చిన తల్లి రేడియోలో వచ్చే ఆరోగ్య ప్రకటనను కూడా బాగా అర్థం చేసుకుంటోంది. తన బిడ్డ జబ్బును డాక్టరుకు వరుసగా, తేదీలతో, లక్షణాలతో చెప్పగలుగుతోంది. అంటే చదవడం నేర్చుకునేటప్పుడు వినడం, చెప్పడం కూడా మారుతున్నాయి. ముందెప్పుడూ చూడని మనిషికి, తన ఇంటి సంగతేమీ తెలియని మనిషికి, విషయం మొదటి నుంచి చెప్పగలిగే నేర్పు అది. ఆసుపత్రిలో కావలసింది సరిగ్గా అదే.

అందుకని మీ తరగతుల్లో రెండో నెలకో మూడో నెలకో, వాచకంతో పాటు నిజమైన మందు చీటీని, టీకాల కార్డును, ఓఆర్ఎస్ పొట్లం వెనుక ఉన్న సూచనల్ని పాఠంగా పెట్టండి. గడువు తేదీ ఎక్కడుంటుందో వెతికించండి. రోజుకు రెండుసార్లు రెండేసి అంటే మొత్తం ఎన్నో మాత్రలు పెట్టి లెక్కపెట్టించండి. ఒకరిని డాక్టరుగా, ఒకరిని రోగిగా కూర్చోబెట్టి, ‘మందు పనిచెయ్యలేదండీ, మళ్ళీ వచ్చాను’ అనే వాక్యాన్ని అందరిచేతా గట్టిగా అనిపించండి. సిగ్గుపడతారు, నవ్వుతారు, అయినా అనిపించండి. దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సును నెలకోసారి ఆ తరగతికి పిలవండి. ఇక్కడ రెండు వైపులవాళ్ళూ ఉన్నారు కాబట్టి, సభ ముగిశాక బయటికి వెళ్ళేలోపు, ఏ కేంద్రానికి ఎవరు ఏ రోజున వస్తారో మాట్లాడుకుని రాసుకోవాలని నా కోరిక. తేదీలు రాసుకోవడానికి వెనుక బల్ల మీద కాగితాలు పెట్టించాను.